మొక్కులు మొక్కండి, గేటు దగ్గర మాత్రం అడక్కండి

మార్చి నెల వచ్చిందంటే పత్రికల్లో ఒక వ్యాసం ఖాయం. 'తల్లిదండ్రులూ, టెన్షన్ వద్దు' అని శీర్షిక ఉంటుంది. పిల్లలు ఎన్ని గంటలు పడుకోవాలో, పరీక్ష ముందు రోజు రాత్రి ఏం తినాలో చెబుతారు. మీరు ప్రశాంతంగా ఉంటేనే మీ పిల్లలూ ప్రశాంతంగా ఉంటారని ముగిస్తారు. పేజీ తిప్పితే కార్పొరేట్ కాలేజీ వాళ్ళ నిండు పేజీ ప్రకటన. ఒకటి, రెండు, మూడు, ఏడు, పదకొండు అని ర్యాంకులు, వాటి కింద చిన్నచిన్న ఫొటోల్లో పిల్లలు. టెన్షన్ వద్దన్న పత్రికే ఆ ప్రకటన డబ్బులూ తీసుకుంది.

టెన్షన్ పడొద్దని చెప్పడం దండగమారి సలహా అని నా అభిప్రాయం. పడటానికి కారణాలు లేకపోతే ఆ సలహాకు అర్థం ఉండేది. కారణాలు ఉన్నాయి, అవి నిజమైనవే. పదిహేడేళ్ళ పిల్లల అమ్మానాన్నలు అడగాల్సింది 'టెన్షన్ ఎలా పోగొట్టుకోవాలి' అని కాదు, 'దీన్ని ఎక్కడ దించుకోవాలి' అని. ఎక్కువ ఇళ్ళలో అది పిల్లల మీదే దిగుతోంది. నా గొడవంతా దాని గురించే.

ముందు కారణాలు. ఎంబీబీఎస్‌లో ప్రభుత్వం తక్కువ ఫీజుతో ఇచ్చే కన్వీనర్ కోటా సీటు వస్తే ఏడాదికి కట్టే ఫీజు వేలల్లో ఉంటుంది. అదే ప్రైవేటు కాలేజీలో, అదే క్లాసులో, పక్క బెంచీలో కూర్చునే బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) విద్యార్థికి ఏడాదికి పది లక్షలు దాటుతుంది. ఎన్నారై కోటా అయితే ఇంకా పైన. ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలో తేల్చేది మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు జరిగే నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. నెలకు నలభై వేలు తెచ్చుకునే తండ్రికి ఈ లెక్క తెలుసు. ఆయన్ను పట్టుకుని 'లోతుగా గాలి పీల్చుకోండి' అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పోనీ, మూడు గంటలు బాగా రాస్తే చాలా అంటే అదీ లేదు. 2016లో తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్ల కోసం జులైలో ఎంసెట్-2 పెట్టారు. పేపర్ లీకైందని తేలింది, రద్దు చేశారు, సెప్టెంబర్‌లో ఎంసెట్-3 పెట్టారు. బాగా రాసిన పిల్లలు కూడా మళ్ళీ పుస్తకాలు తీయాల్సి వచ్చింది. 2024 నీట్‌లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు. గ్రేస్ మార్కుల గొడవ కోర్టుకెక్కింది, ఆ మార్కులు పొందిన 1,563 మందికి మళ్ళీ పరీక్ష అన్నారు. మొత్తం పరీక్ష రద్దవుతుందో లేదో తెలియక జులై చివరిదాకా లక్షల ఇళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి. అప్పుడు తల్లిదండ్రుల్లో ఉన్నదాన్ని ఆందోళన జబ్బు అంటామా? అది పరిస్థితిని సరిగ్గా అర్థం చేసుకోవడం.

మా పాప నిరుడు ఇంజినీరింగ్ సీటు కోసం జేఈఈ మెయిన్, ఎంసెట్ రాసింది. (ఆంధ్రాలో 2021లో, తెలంగాణలో 2024లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది. నీట్ వచ్చాక ఎంబీబీఎస్ అందులోంచి పోయింది కూడా. అయినా మా ఇంట్లో అది ఎంసెట్టే, ఇక్కడా అలాగే రాస్తాను.) తొంభైల్లో నేను రాసింది ఆ ఒక్క పరీక్షే. మా నాన్న నన్ను ఖమ్మం బస్సెక్కించి పొలానికి వెళ్ళిపోయారు. ఆయనకు బెంగ లేక కాదు. మా చెల్లెలు చెప్పింది, ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదట. కానీ ఆ బెంగకు నా దాకా వచ్చే దారి లేదు. మధ్యలో ఫోన్ లేదు, మార్కులు పంపే కాలేజీ లేదు, సాయంత్రానికే కీ చెప్పే యూట్యూబ్ లేదు. ఫలితాలు పేపర్లో పడేదాకా ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇప్పుడు సీజన్ జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడతతో మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షలు. ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత. ఆ చుట్టూ బిట్‌శాట్, వీఐటీ, ఎస్‌ఆర్‌ఎం లాంటి ప్రైవేటు పరీక్షలు. తర్వాత ఎంసెట్, అర్హత వస్తే ఐఐటీల కోసం అడ్వాన్స్‌డ్. ఆపైన కౌన్సెలింగ్ రౌండ్లు ఆగస్టు దాకా. ఇది కూడా ఆఖరి ఏడెనిమిది నెలల సంగతే. ఇంటర్ మొదటి ఏడాది నుంచే నడిచేది వీకెండ్ టెస్ట్.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో దాదాపు ప్రతి వారాంతం ఒక పరీక్ష ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో తండ్రి ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మార్కులు, సెక్షన్ ర్యాంకు, క్యాంపస్ ర్యాంకు, రాష్ట్రంలోని వాళ్ళ బ్రాంచీలన్నింటిలో ర్యాంకు. పోయిన వారం 212 మార్కులు, ఈ వారం 187. ఇరవై ఐదు ఎందుకు తగ్గాయి? పేపర్ కష్టంగా ఇచ్చారా, సిలబస్ మారిందా, పిల్లకు ఆ రోజు జ్వరమా, అందరికీ తగ్గాయా? మెసేజ్‌లో అవేవీ ఉండవు. ఆ అంకెతో తండ్రి చేయగలిగింది ఏమీ లేదు, పిల్లకు ఫోన్ చేయడం తప్ప. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఫోన్ దొరికేదే వారానికి కాసేపు. ఆ కాసేపూ 'ఎందుకు తగ్గాయి నాన్నా' దగ్గరే అయిపోతుంది. అమ్మ వెనక నుంచి 'తిన్నావా' అని అరుస్తుంది, దానికి జవాబు చెప్పేలోపు వెనక క్యూలో ఉన్న పిల్ల గొణుగుతుంది.

ఆ మెసేజ్‌లు నాకు పంపొద్దని కాలేజీని అడిగాను. సిస్టమ్ నుంచి ఆటోమేటిగ్గా వెళ్తాయి, ఆపడం కుదరదన్నారు. ఆ నంబర్‌ను మ్యూట్‌లో పెట్టాను. దీనికి మా బంధువుల్లో ఒకాయన నన్ను బాధ్యత లేని తండ్రి అన్నాడు. ఆయన మంచివాడే, కొడుకు మార్కులన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. సబ్జెక్టుకో రంగు. ఫిజిక్స్ గీత కిందికి దిగితే ఆ వారం ఇంట్లో టీవీ బంద్.

మరి అసలు పట్టించుకోకుండా వదిలేయాలా అని అడుగుతారు. వద్దు. నెలకోసారి వెళ్ళి లెక్చరర్‌తో మాట్లాడితే వారం వారం వచ్చే నాలుగు అంకెల కంటే ఎక్కువ తెలుస్తుంది. ఏ చాప్టర్‌లో తడబడుతోంది, క్లాసులో అడుగుతోందా, నోరు మూసుకుని కూర్చుంటోందా అన్నది ఆయన చెప్పగలడు. నిద్ర, తిండి, స్నేహితులతో మాటలు తగ్గాయా అన్నది మనమే చూడగలం. వీటికి ర్యాంకు ఉండదు కాబట్టి ఎవరూ మెసేజ్ పంపరు.

ఇక గేటు సంగతి. కంప్యూటర్ మీద జరిగే పరీక్షల సెంటర్లు ఎక్కువగా ఊరి చివర, ఇండస్ట్రియల్ ఏరియాల్లో పడతాయి. మే నెల, చెట్టు ఉండదు. ఎంసెట్‌కు ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరన్న భయంతో అందరూ రెండు గంటల ముందే చేరతారు. (ఇంటర్ పరీక్షలకు 2024లో తెలంగాణ ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చింది. ఆ ఐదు నిమిషాలు ఎన్ని ఇళ్ళ బీపీ తగ్గించాయో.) నీట్ సెంటర్ల దగ్గర మరీ ఘోరం. షూ వద్దు, ఫుల్ చేతులు వద్దు, కమ్మలు తీసేయాలి, ముక్కుపుడక తీసేయాలి. గేటు ముందు తల్లులు కత్తెరలు పట్టుకుని చుడీదార్ చేతులు కత్తిరించడం టీవీల్లో మీరూ చూసే ఉంటారు. పిల్లలు లోపలికి వెళ్ళాక బయట మిగిలేది మనం. మజ్జిగ ప్యాకెట్లు, కారు నీడలో పరిచిన దుప్పటి, ఫోన్‌లో చిన్నగా హనుమాన్ చాలీసా. ఎవరో ఒకాయన వాట్సాప్ చూసి, పొద్దుటి షిఫ్ట్‌లో ఫిజిక్స్ బాగా కష్టంగా వచ్చిందట అని మొదలుపెడతాడు. అంతే, అక్కడున్న వాళ్ళందరి మొహాలు మాడిపోతాయి.

మూడు గంటల తర్వాత గేటు తీస్తారు. పిల్లలు గుంపులో మన మొహం వెతుక్కుంటూ వస్తారు. కనపడగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట: 'ఎలా రాశావ్?'

ఈ ప్రశ్న మీద నాకు ఎంత కోపం ఉందంటే, అదొక్కటి ఆపగలిగితే మిగతా సలహాలన్నీ వదిలేసుకోవచ్చు. దానికి జవాబు అప్పుడే బయటికొచ్చిన పిల్లకు తెలియదు. జేఈఈ మెయిన్‌లో వచ్చేది పర్సంటైల్, అంటే అదే షిఫ్ట్‌లో రాసిన మిగతా వాళ్ళతో పోలిస్తే ఎక్కడున్నామన్న లెక్క. ఎన్ని కరెక్టో తెలిసినా ఎంత వస్తుందో తెలియదు. ఎంసెట్‌లోనూ షిఫ్ట్‌ల మధ్య నార్మలైజేషన్, అంటే పేపర్ కష్టాన్ని బట్టి మార్కులు సర్దడం, ఉంటుంది. అందుకే పిల్ల 'బానే రాశా' అంటుంది. 'బానే అంటే? ఎన్ని అటెంప్ట్ చేశావ్? ఫిజిక్స్ కష్టమట కదా?' ఈ సంభాషణలో కొత్తగా ఎవరికీ ఏమీ తెలియదు. అడిగిన వాళ్ళ గుండె దడ ఒక్క క్షణం తగ్గుతుంది, చెప్పాల్సిన వాళ్ళకు పెరుగుతుంది. పైగా ఈ ప్రశ్న వస్తుందని పిల్లలకు ముందే తెలుసు. మా పాప స్నేహితురాలు ఒకమ్మాయి మా ఇంట్లో మాట్లాడుతూ అంది: 'అంకుల్, ఆఖరి పావుగంట నేను బిట్లు చూసుకోను, బయటికెళ్ళాక డాడీకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తా.' 160 బిట్లు, మూడు గంటలు, నెగెటివ్ మార్కింగ్ లేని పరీక్షలో పావుగంట అంటే ఎన్ని బిట్లో లెక్కేసుకోండి.

దీని పక్కన మొక్కును పెట్టి చూడండి. నేను పెద్ద భక్తుణ్ణి కాను. కానీ ఎంసెట్ నెలలో చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళి చూస్తే ప్రదక్షిణలు చేసేవాళ్ళలో సగం మంది ఈ బాపతే అనిపిస్తుంది. కోరిక చెప్పుకోవడానికి పదకొండు, తీరాక నూట ఎనిమిది. పదకొండు తిరిగేసరికి కాళ్ళు పీకుతాయి, మనసు కుదుటపడుతుంది, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతారు. బాసరలో సరస్వతి ముందు హాల్ టికెట్ పెట్టి దండం పెట్టుకునే వాళ్ళున్నారు. కోనసీమలో అయినవిల్లి వినాయకుడికి పెన్నులతో అభిషేకం చేసి పిల్లలకు పంచుతారు. తీరా నీట్‌కు వెళ్తే సొంత పెన్ను లోపలికి రానివ్వరు, సెంటర్లో వాళ్ళే ఇస్తారు. అభిషేకం చేసిన పెన్ను గేటు బయట నాన్న జేబులో ఉండిపోతుంది. ఉండనివ్వండి, దాని అవసరం ఆయనకే ఎక్కువ.

నా ఎక్సెల్ బంధువు హేతువాది. మా ఆవిడ ప్రదక్షిణల మీద జోకులేస్తాడు. నేను ఆయన్ను ఒకటే అడిగాను: 'బావగారూ, ఆవిడ తన టెన్షన్‌ను గుడి చుట్టూ తిప్పి అక్కడే వదిలేసి వస్తోంది. మీరు మీ టెన్షన్‌కు రంగులేసి గ్రాఫ్ గీసి రోజూ రాత్రి మీవాడికి చూపిస్తున్నారు. ఇద్దరిలో పిల్లలకు ఎవరి వల్ల నష్టం?' ఆయన ఒప్పుకోలేదు. డేటా లేకుండా ఎలా మెరుగుపడతారన్నాడు.

మొక్కుకూ ఒక షరతు ఉంది. అది పిల్లల చెవిన పడకూడదు. 'నీకోసం శనివారాలు ఒంటిపూట ఉంటున్నానే' అని తల్లి చెప్పిందంటే ఆ ఉపవాసం కూడా పిల్ల తీర్చాల్సిన బాకీ అయిపోతుంది. 'నీ చదువు కోసం ఎకరం అమ్మాం' అన్నది ఇంకా పెద్ద బాకీ. అది నిజమే కావచ్చు. పిల్లకు ఆ సంగతి తెలిసే ఉంటుంది కూడా. పరీక్ష ముందు వారం మళ్ళీ గుర్తుచేయనక్కర్లేదు.

అమెరికాలో 2015లో ఒక అధ్యయనం వచ్చింది, ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్క్‌లో తరచుగా సాయం చేసిన చోట పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్ళ భయం పెరిగింది. అదే భయం ఉండి కూడా అంతగా సాయానికి దిగని ఇళ్ళలో ఆ నష్టం కనపడలేదు. అది చిన్నపిల్లల సంగతి, ఎంసెట్‌కు నేరుగా అతికించను. కానీ నాకు అందులో ఆసక్తిగా అనిపించింది ఇది: భయం ఉండటం వల్ల కాదు, ఆ భయంతో పిల్లల పక్కన కూర్చోవడం వల్ల నష్టం జరిగింది.

పరీక్ష అయ్యాక ఇంకో ఘట్టం. ప్రిలిమినరీ కీ, పిల్ల పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీట్ వెబ్‌సైట్లో పెడతారు. ఏ కీలోనైనా తప్పుంటే అభ్యంతరం చెప్పుకునే అవకాశం కోసం అది. మన ఇళ్ళలో మాత్రం రాత్రి పదింటికి తండ్రి కీ చదువుతాడు, తల్లి టిక్కులు పెడుతుంది, పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ తర్వాత 'ఇన్ని మార్కులకు ఎంత ర్యాంకు' అని యూట్యూబ్ వీడియోలు. ఆ వీడియోల్లో ఉండేది పోయినేటి లెక్క. ఎంసెట్ ర్యాంకులో తెలంగాణ 2023లో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేసింది, ఆంధ్రాలో పాతిక శాతం ఉంది. అలాంటి తేడాలు కూడా చూసుకోకుండా అంచనాలు చెప్పేవాళ్ళున్నారు. వారం పది రోజుల్లో అసలు ర్యాంకే వస్తుంది. ఆలోగా వచ్చే అంచనాతో ఏ సీటూ రాదు, పోదు.

బంధువుల ఫోన్లకు మేము చేసిన ఏర్పాటు మాత్రం బాగా పనిచేసింది. ఎవరు అడిగినా 'మా బావమరిదికి ఫోన్ చేయండి, వాడికి అన్నీ చెప్పాం' అనేవాళ్ళం. వాడికి ఏమీ చెప్పలేదు. వాడు ఏది తోస్తే అది చెప్పాడు. ఒకావిడకు మా పాప నీట్ రాసిందని కూడా చెప్పాడట.

ఇంత వరకు కొంత సరదాగా చెప్పాను, కానీ ఇది సరదా విషయం కాదని మన రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూడాల్సి వచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించి, దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల ప్రకారం పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, అందరి ముందు అవమానించొద్దని అందులో ఉంది. పిల్లల మీద ఒత్తిడి పెట్టకుండా తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలని ఉంది. మొదటి రెండింటికి కాలేజీలను తిట్టడం తేలిక. కానీ అడ్మిషన్ రోజు కౌంటర్ దగ్గర మనం అడిగే మొదటి ప్రశ్న 'మా వాణ్ణి ఏ సెక్షన్లో వేస్తారు' అనే కదా. వారం వారం ర్యాంకులు పంపని కాలేజీలో మనం చేర్పించం. వాళ్ళు అమ్మేది మనం కొనేదే.

బెంగ ఎక్కువై నిద్ర పట్టకపోతే ఎవరితోనైనా మాట్లాడాలి, ఆ ఎవరైనా పదిహేడేళ్ళ వాళ్ళు కాకూడదు. స్నేహితుడు, అక్క, పక్కింటివాళ్ళు, ఎవరైనా సరే. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 తెలుగులోనూ పనిచేస్తుంది. పిల్లలకే కాదు, తల్లిదండ్రులూ చేయొచ్చు. పిల్ల మాటల్లో 'నేను లేకపోతే మీకు ఈ ఖర్చుండదు' లాంటిది వినపడితే, ఆ రోజు పరీక్ష ఉన్నా సరే, మాట్లాడాల్సింది దాని గురించే.

ఇక చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేయాలి అనే వాళ్ళకు నిజంగానే పని ఉంది, అదీ పిల్లల చేతిలో లేని పని. కౌన్సెలింగ్ అంతా కాగితాలే. స్టడీ సర్టిఫికెట్లు ఏ స్కూల్లో ఏ తరగతి చదివితే అక్కడ నుంచి తేవాలి. ఒక స్కూలు మూతపడి ఉంటుంది, ఇంకో చోట పేరులో ఇంటిపేరు తప్పు పడి ఉంటుంది. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. వెబ్ ఆప్షన్ల కోసం కాలేజీల జాబితా, పోయినేడాది ఏ ర్యాంకుకు ఏ బ్రాంచీ వచ్చిందో, ఫీజు ఎంతో, హాస్టల్ ఉందో లేదో రాసి పెట్టండి. మా ఎక్సెల్ బావగారికి ఆ పని ఒప్పజెప్పాను, అద్భుతంగా చేశాడు. జాతీయ కౌన్సెలింగ్‌లకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి తీసుకున్నవే చెల్లుతాయి, నిరుటివి పనికిరావు. ఏప్రిల్ మొదట్లోనే మీసేవకు వెళ్ళి అప్లై చేయండి. తహసీల్దార్ ఆఫీసులో ఫైలు కదలకపోతే అక్కడ ఎంత టెన్షన్ పడ్డా తప్పు లేదు.